పోడు తర్వాత అడవి: ఎన్ని జాతులన్నది ఒక లెక్క, ఏ జాతులన్నది ఇంకో లెక్క

చెట్లు నరికి, ఎండబెట్టి, తగలబెట్టి, ఆ బూడిద మీద ఒకటి రెండేళ్లు పంట తీసి వదిలేసిన నేల ఉష్ణమండలంలో ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. ఇరవై ఏళ్లు గడిచేసరికి తలెత్తి చూడాల్సినంత చెట్లుంటాయి, కింద నీడ ఉంటుంది, లెక్కపెడితే జాతులు కూడా బాగానే తేలతాయి. మధ్య, దక్షిణ అమెరికాల్లోని 56 ప్రాంతాల కొలతలతో 2019లో వెలువడిన ఒక ఉమ్మడి అధ్యయనం దీన్ని అంకెల్లో చెప్పింది. సాగు ఆపిన 20 ఏళ్లకు చెట్ల జాతుల సంఖ్య పాత అడవిలో ఉండే సంఖ్యలో దాదాపు 80 శాతానికి చేరుతోంది. 50 ఏళ్లకు సమానమవుతోంది. అదే అధ్యయనం ఇంకో అంకె కూడా ఇచ్చింది. ఏ జాతి ఎంత మేరకు ఉందన్న కూర్పును బట్టి చూస్తే, 20 ఏళ్ల అడవి పాత అడవికి దగ్గరైంది 34 శాతమే. ఆ కూర్పు పూర్తిగా వెనక్కి రావడానికి శతాబ్దాలు పడుతుంది.

రెండు అంకెలూ నిజమే. మొదటిది పట్టుకున్నవారు పోడు వల్ల అడవికి పోయేదేమీ లేదంటారు. రెండోది పట్టుకున్నవారు పోయిన అడవి పోయినట్టే అంటారు. పోడు మీద దశాబ్దాలుగా నడుస్తున్న వాదులాటలో చాలా భాగం ఈ రెండు లెక్కలను కలిపేయడం వల్ల వచ్చిందే. జాతుల సంఖ్య ఒక వేగంతో, ఒక రకం కారణాల వల్ల కోలుకుంటుంది. జాతుల కూర్పు మరో వేగంతో, వేరే కారణాల వల్ల కోలుకుంటుంది. వీటిని విడదీసి చూస్తేనే ఏ బీడును ఎంతకాలం వదలాలో, ఎక్కడ నిజంగా భయపడాలో తెలుస్తుంది.

ఇది చిన్న విస్తీర్ణానికి సంబంధించిన సంగతి కూడా కాదు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2017లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో పోడు సాగు పరిధిలో ఉన్న నేల సుమారు 28 కోట్ల హెక్టార్లు. అందులో ఏ సంవత్సరమైనా పంట కనిపించేది కొంత మేరే. మిగతాదంతా రకరకాల వయసుల్లో ఉన్న బీడు, అంటే పెరుగుతున్న అడవి.

మంట ఆరాక లేచేవి

కాలిన నేలలోకి మొక్కలు మూడు దారుల్లో వస్తాయి. నరికిన చెట్ల మోళ్లు, వేర్ల నుంచి పిలకలు లేస్తాయి. మట్టిలో అప్పటికే దాగి ఉన్న విత్తనాలు మొలుస్తాయి. చుట్టుపక్కల అడవి నుంచి గాలి, పిట్టలు, గబ్బిలాలు, జంతువులు కొత్త విత్తనాలు తెచ్చి పడేస్తాయి. ఏ దారి ఎంత తెరిచి ఉందన్నదే తర్వాతి యాభై ఏళ్లను చాలా వరకు నిర్ణయిస్తుంది.

అందరి కంటే ముందు కనిపించేవి మట్టిలోంచి లేచే మొక్కలు. అమెరికా ఉష్ణమండలంలో ఈ పని చేసే చెట్లలో అందరికీ తెలిసింది సెక్రోపియా. గొడుగులా విచ్చుకున్న పెద్ద ఆకులు, లోపల బోలుగా ఉండే కాండం, ఆ బోలులో కాపురముండే అజ్టెకా చీమలు దీని గుర్తులు. దీని విత్తనం పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. ఒక్కో చెట్టు లక్షల్లో కాస్తుంది. పండ్లు తిన్న గబ్బిలాలు, పిట్టలు, కోతులు ఆ విత్తనాలను అడవంతా చల్లేస్తాయి. నీడలో పడిన విత్తనం మొలవదు. పై ఆకులు సూర్యకాంతిలోని ఎరుపును పీల్చేసుకుని, అంతకన్నా పొడవైన తరంగాలున్న దూర ఎరుపు కాంతిని కిందికి వదులుతాయి. విత్తనంలోని ఫైటోక్రోమ్ అనే పదార్థం ఈ రెండు కాంతుల పాళ్లను పసిగడుతుంది. దూర ఎరుపు ఎక్కువగా ఉన్నంత కాలం విత్తనం నిద్రలోనే ఉంటుంది. పైన ఆకులు పోయి నేరుగా ఎండ తగిలిన రోజున పాళ్లు మారతాయి, మొలక వస్తుంది. బాల్సా చెట్టు విత్తనాలు ఇంకో పద్ధతి పాటిస్తాయి. నీడ పోయిన నేల పగలు బాగా వేడెక్కి రాత్రి చల్లబడుతుంది. ఆ తేడాయే వాటికి సూచన.

ఆఫ్రికాలో ముసంగా, ఆగ్నేయాసియాలో మకరంగా, ఆసియా ఆఫ్రికాలు రెండింటిలో ట్రెమా ఇదే పని చేస్తాయి. మూడు ఖండాల్లో వేర్వేరు కుటుంబాల చెట్లు ఒకే బతుకుతీరుకు చేరుకున్నాయి: చిన్న విత్తనం, మట్టిలో ఓపిగ్గా ఎదురుచూడటం, ఎండలో విపరీతమైన వేగంతో పెరగడం, మెత్తటి కలప, చిన్న ఆయుష్షు. రెండు మూడు దశాబ్దాల్లో ఈ చెట్లు ముసలివైపోతాయి. తమ నీడలో తమ పిల్లలే మొలవలేవు కాబట్టి ఆ జాగా ఇతర జాతులకు దొరుకుతుంది.

మోళ్ల దారి ఇంత కంటికి కనిపించదు, దాని గురించి రాసేవారూ తక్కువే. పాత అడవి జాతులు కొత్త బీడులో ఉన్నాయంటే అందుకు కారణం చాలాచోట్ల మోళ్లే. నిప్పు పైభాగాన్ని కాలుస్తుంది గాని మట్టిలోని వేర్లను, కాండం అడుగు బెరడు కింద ఉన్న మొగ్గలను అన్నిటినీ చంపలేదు. అప్పటికే నేలలో పాతుకున్న వేర్లలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది కాబట్టి పిలక ఆ సంవత్సరమే మనిషి ఎత్తు దాటగలదు. అదే జాతి విత్తనం నుంచి మొలిచిన మొక్క ఆ ఎత్తుకు చేరడానికి ఏళ్లు పడుతుంది. అమెజాన్‌లో బ్రెజిల్ నట్ చెట్టు దీనికి మంచి సాక్ష్యం. యాభై మీటర్ల వరకు పెరిగే ఈ చెట్టును చూస్తే పాత అడవికే చెందినదనిపిస్తుంది. బ్రెజిల్‌లో పోడు చేసే నేలల్లో జరిగిన పరిశీలనల్లో మాత్రం దీని పిల్లమొక్కలు పాత అడవిలో కంటే బీడుల్లోనే ఎక్కువగా తేలాయి. అగౌటీ అనే ఎలుకజాతి జంతువు ఈ గింజలను తర్వాత తినడానికి నేలలో పాతిపెట్టి కొన్నిటిని మరిచిపోతుంది. బీడులో ఎండ బాగా దొరుకుతుంది. మళ్లీ నరికినా మొక్క బలంగా పిలకలు వేస్తుంది. నరుకుడు తర్వాత నరుకుడుకు తట్టుకునే ఈ గుణం వల్ల పోడు చేసినచోటే ఈ చెట్లు చిక్కబడ్డాయి.

ఇక బయటి నుంచి వచ్చే విత్తనాలు. తడి ఉష్ణమండల అడవుల్లో చెట్ల జాతుల్లో అత్యధిక భాగం తమ విత్తనాలను జంతువుల ద్వారానే పంపుతాయి. పిట్ట కొమ్మ మీద వాలి రెట్ట వేస్తుంది, అందుకే పిట్టలు తెచ్చే విత్తనాలు ఎక్కువగా చెట్ల కిందే పడతాయి. పండ్లు తినే గబ్బిలాలు ఎగురుతూనే విసర్జిస్తాయి కాబట్టి బట్టబయలు నేలకూ విత్తనాలు చేరతాయి. పొలం మధ్యలో నాలుగు పెద్ద చెట్లు మిగిలి ఉంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. దక్షిణ కామెరూన్‌లో న్తుము ప్రజలు పోడు కొట్టేటప్పుడు కొన్ని పెద్ద చెట్లను నరకకుండా వదిలేస్తారు. కొన్ని ఉపయోగం కోసం, కొన్ని నరకడం కష్టమని. పొలం వదిలేశాక ఈ ఒంటరి చెట్ల కింద అడవి మిగతా చోట్ల కంటే చురుగ్గా లేవడాన్ని పరిశోధకులు నమోదు చేశారు. పోడు అంటే నేలను నున్నగా చెయ్యడమనుకునేవారు ఈ చెట్లను గమనించరు. అడవి తిరిగి రావడానికి అవసరమైన సగం ఏర్పాటు చెట్లు నరికిన రోజునే జరిగిపోతుంది.

సంఖ్య ఎందుకు త్వరగా వస్తుంది

పదిహేను, ఇరవై ఏళ్ల బీడులో మూడు దారుల్లో వచ్చినవీ ఒకేచోట కలుస్తాయి. తొలి చెట్లు ఇంకా నిలబడి ఉంటాయి. మోళ్ల నుంచి లేచిన పాత జాతులుంటాయి. ఎండ నీడ రెండూ ఓర్చుకునే మధ్యరకం చెట్లు పైకి వస్తుంటాయి. ఇలా కలిసినప్పుడు సంఖ్య పెరగడంలో ఆశ్చర్యం లేదు. ఈ మధ్యరకం జాతులు చాలావరకు విస్తారంగా పాకినవి, ఏ నేలలోనైనా సర్దుకునేవి, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కాస్తూ ఉండేవి. పదిచోట్ల పది బీడులు చూస్తే పదింటిలోనూ అవే కనిపించవచ్చు. ఒక్కో బీడులో జాతుల సంఖ్య బాగుంటుంది, పది బీడులనూ కలిపి లెక్కిస్తే మొత్తం అంతగా పెరగదు. పాత అడవిలో ఒక హెక్టారుకూ పక్క హెక్టారుకూ మధ్య కనిపించే తేడా ఇక్కడ పలచబడుతుంది. విడి గళ్లలో, అంటే కొలత కోసం గుర్తించిన నేల ముక్కల్లో కొలిచి సగటు తీసే పద్ధతికి ఈ నష్టం అందదు.

పాత అడవి కూర్పు నెమ్మదిగా రావడానికి కారణం దాని స్వభావంలోనే ఉంది. అమెజాన్ చెట్ల మీద 2013లో వచ్చిన లెక్క ప్రకారం ఆ నదీ ప్రాంతమంతటా సుమారు 16,000 చెట్ల జాతులుంటాయని అంచనా. అందులో కేవలం 227 జాతులే మొత్తం చెట్లలో సగం. మిగిలిన వేలాది జాతులు అరుదైనవి. హెక్టారుకు ఒక చెట్టో రెండు చెట్లో ఉండే జాతి తిరిగి బీడులోకి రావాలంటే తల్లిచెట్టు దగ్గర్లో ఉండాలి, అది ఆ ఏడు కాయాలి, ఆ కాయను మింగి మోయగల జంతువు ఆ దారిన పోవాలి, పడినచోట నీడ ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మరో అవకాశం కోసం ఏళ్లు ఆగాలి.

పైగా ఇలాంటి చెట్లలో చాలావాటి విత్తనాలు పెద్దవి, తేమతో నిండినవి. ఎండిపోతే చచ్చిపోతాయి. సెక్రోపియా విత్తనంలా మట్టిలో ఏళ్ల తరబడి కూర్చోలేవు. రాలిన కొన్ని వారాల్లోనే మొలవాలి. కాబట్టి మట్టిలోని నిల్వ మీద వీటికి ఆశ లేదు, పిలకలు పోతే జంతువే దిక్కు. ధనేశ పక్షులు, పెద్ద కోతులు, పందిని పోలిన టేపిర్లు, ఏనుగులు వంటి పెద్ద గొంతు, పెద్ద కడుపు ఉన్నవే ఆ విత్తనాలను మోయగలవు. వేటలో మొదట తగ్గిపోయేవీ అవే. చెట్లన్నీ నిలబడి ఉన్నా మోసేవాళ్లు లేని అడవి పక్కన వదిలిన బీడు, చిన్న విత్తనాల జాతులతో నిండి అక్కడే ఆగిపోతుంది. ఈ కారణంగా అడవి కోలుకోవడాన్ని సాగు సమస్యగా మాత్రమే చూడటం సరిపోదు. పోడు మానిపించి వేటను పట్టించుకోని చోట కూర్పు తిరిగి రాదు.

బోర్నియో, సుమత్రా దీవుల్లో ఎత్తైన చెట్లలో ప్రధానమైన డిప్టెరోకార్ప్ కుటుంబానిది మరో కథ. రెక్కలున్న కాయలు గిరగిరా తిరుగుతూ దిగినా తల్లిచెట్టుకు కొన్ని పదుల మీటర్ల దూరంలోనే ఎక్కువ భాగం పడతాయి. ఈ చెట్లు ఏటా కాయవు. కొన్నేళ్లకోసారి ఆ ప్రాంతంలో అనేక జాతులు కలిసి ఒక్కసారే పూస్తాయి, మధ్య ఏళ్లు దాదాపు ఖాళీ. వీటి వేర్లకు ప్రత్యేకమైన శిలీంధ్రాల తోడు కూడా కావాలి. అడవి అంచు నుంచి రెండు మూడు వందల మీటర్లు లోపలున్న బీడుకు ఈ చెట్లు చేరాలంటే ఒక తరం చెట్లు పెరిగి కాసి, అక్కడి నుంచి ఇంకో తరం ముందుకు జరగాలి.

కొలతలను ఎంతవరకు నమ్మవచ్చు

ఈ లెక్కలు ఎలా పుడతాయో తెలుసుకోవడం అవసరం. సాధారణంగా ఒక గడిని గుర్తించి, అందులో ఛాతీ ఎత్తున 5 లేదా 10 సెంటీమీటర్ల కంటే లావున్న కాండాలన్నిటినీ కొలిచి జాతి రాసుకుంటారు. కొత్త అడవిలో సన్నటి కాండాలు కిక్కిరిసి ఉంటాయి. ఎక్కువ కాండాలు లెక్కిస్తే ఎక్కువ జాతులు తేలడం సహజం కాబట్టి, జాగ్రత్తగా చేసే అధ్యయనాల్లో రెండు అడవుల నుంచీ సమాన సంఖ్యలో కాండాలు తీసుకుని పోలుస్తారు. ఆ జాగ్రత్త లేని లెక్కలు కొత్త అడవిని ఉన్నదానికంటే గొప్పగా చూపిస్తాయి.

5 సెంటీమీటర్ల గీత కింద ఉన్నవన్నీ లెక్క బయటే మిగిలిపోతాయి. గడ్డిజాతులు, ఫెర్న్‌లు, నీడలో పెరిగే చిన్న మొక్కలు, కొమ్మల మీద బతికే ఆర్కిడ్లు, నాచులు, చాలా తీగలు. అనేక అధ్యయనాలను కలిపి 2013లో చేసిన ఒక విశ్లేషణలో చెట్ల జాతుల సంఖ్య కోలుకోవడానికి సుమారు 50 ఏళ్లు పడితే, చెట్ల మీద బతికే మొక్కలకు వందేళ్లు దాటినా సరిపోలేదని తేలింది. వాటికి కావలసింది చెట్టు ఒక్కటే కాదు. ముదిరిన గరుకు బెరడు, ఏళ్లపాటు నాచు, ఆకుచెత్త పేరుకున్న లావు కొమ్మలు, ఎప్పుడూ ఆరని తేమ కావాలి. ముప్పై ఏళ్ల చెట్టుకు అంత వయసు లేదు. వృక్ష వైవిధ్యం అన్న మాటను చెట్లకే పరిమితం చేసినప్పుడు ఈ ప్రపంచమంతా కనుమరుగవుతుంది.

ఇంకో చిక్కు కాలానిది. ఒకే బీడును వందేళ్లు కనిపెట్టుకుని కూర్చున్న పరిశోధన దాదాపు లేదు. ఐదేళ్లవీ, పదిహేనేళ్లవీ, అరవై ఏళ్లవీ వేర్వేరు బీడులను ఒకేసారి కొలిచి, వాటిని వయసు ప్రకారం వరుసలో పేర్చి, ఒకే అడవి ఇలా ఎదిగి ఉంటుందని ఊహిస్తారు. ఈ పద్ధతి ఉపయోగకరమే గాని దానిలో ఒక మొగ్గు దాగి ఉంది. అరవై ఏళ్ల కింద వదిలిన బీడు చుట్టూ ఆ రోజుల్లో చిక్కటి అడవి ఉండి ఉంటుంది, జంతువులు ఉండి ఉంటాయి. నేడు వదిలిన బీడు చుట్టూ అవి లేకపోవచ్చు. పాత బీడులు చూపిస్తున్న వేగం కొత్త బీడులకూ దక్కుతుందని హామీ ఏమీ లేదు. ఒకే గడిని మళ్లీ మళ్లీ కొలిచిన ఏడు ప్రాంతాల సమాచారంతో 2015లో వచ్చిన అధ్యయనం కూడా హెచ్చరించింది: ఒకే వయసు, ఒకే వాతావరణం ఉన్న అడవులు సైతం వేర్వేరు దారుల్లో, వేర్వేరు వేగాలతో నడుస్తున్నాయి. సగటు గీత ఒక్కో బీడు భవిష్యత్తును చెప్పలేదు.

ఈ పరిమితులన్నీ మనసులో ఉంచుకునే 2021లో వచ్చిన పెద్ద సంకలనాన్ని చదవాలి. అమెరికా, పశ్చిమాఫ్రికా ఉష్ణమండలాల్లోని 77 ప్రాంతాల నుంచి 2,275 గళ్ల కొలతలు తీసుకుని, అడవికి చెందిన 12 లక్షణాలు ఎంతకాలానికి పాత అడవిలో 90 శాతానికి చేరతాయో లెక్కకట్టారు. మట్టి పదేళ్లలోపే చేరింది. చెట్ల పనితీరుకు సంబంధించిన గుణాలు పాతికేళ్లలోపు చేరాయి. అడవి నిర్మాణం, జాతుల వైవిధ్యం 25 నుంచి 60 ఏళ్లు తీసుకున్నాయి. చెట్ల మొత్తం బరువు, జాతుల కూర్పు 120 ఏళ్లు దాటాయి. అడవి కోలుకుంది అనే మాటను ఏ లక్షణం గురించో చెప్పకుండా వాడటం ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఈ ఒక్క వరుసే చెబుతోంది. మట్టి అంత త్వరగా కోలుకోవడానికి కారణం ఆ ప్రాంతాల్లో సాగు తేలికగా, కొద్దికాలం జరగడమే. యంత్రాలతో చదును చేసి దశాబ్దాలు పశువులను మేపిన నేలకు ఆ పదేళ్ల లెక్క వర్తించదు.

పొడి అడవుల్లో క్రమమే వేరు. తడి అడవిలో ముందు మెత్తటి కలప చెట్లు వచ్చి తర్వాత గట్టి కలపవి వస్తాయి. పొడి అడవిలో మొదట నిలిచేవి ఎండను, కరువును ఓర్చుకునే గట్టి కలప చెట్లు. వాటిలో చిక్కుడు కుటుంబానివి ఎక్కువ. నీడ ఏర్పడ్డాకే మెత్తటివి చేరతాయి. పొడి అడవుల్లో పిలకల పాత్ర కూడా ఎక్కువే.

మళ్లీ మళ్లీ నరికితే

ఇప్పటివరకు చెప్పిందంతా ఒకసారి నరికి వదిలిన నేల గురించి. పోడు అసలు స్వభావం మాత్రం ఆవృత్తి. అదే నేలకు తిరిగి రావడం. మొదటి నరుకుడు తర్వాత ఏం జరిగిందన్న దానికంటే ఐదో నరుకుడు తర్వాత ఏం జరిగిందన్నదే ఎక్కువ చెబుతుంది. పోడు మీద తీర్పు చెప్పాలంటే చూడాల్సింది ఇక్కడే.

బోర్నియో దీవిలోని పశ్చిమ కాలిమంతాన్‌లో సుమారు 200 ఏళ్ల పోడు చరిత్ర ఉన్న నేలల మీద పరిశోధకురాలు డెబొరా లారెన్స్ చేసిన పని ఇందులో ముఖ్యమైనది. ఆవృత్తులు పెరిగేకొద్దీ బీడుల్లో చెట్ల వైవిధ్యం కోసుకుపోతూ వచ్చిందని ఆమె చూపింది. మధ్య అమెజాన్‌లో కసావా (కర్రపెండలం) పండించే రైతుల బీడుల్లో 2015లో వెలువడిన అధ్యయనం కూడా ఇదే దిక్కుకు చూపింది. ఆవృత్తుల సంఖ్య పెరిగి, బీడు కాలం కుదించుకుపోయిన చోట అడవి తిరిగి లేచే వేగమే పడిపోయింది. ఎన్నేళ్లు వదిలారన్నది మాత్రమే చూస్తే ఈ తేడా దొరకదు. ఒకే వయసున్న రెండు బీడుల్లో ఒకటి రెండోసారి నరికినది, ఇంకొకటి ఎనిమిదోసారి నరికినది అయితే అవి రెండు వేర్వేరు అడవులు.

కారణం మూడు దారులూ ఒక్కొక్కటిగా మూసుకుపోవడమే. నరికి కాల్చిన ప్రతిసారీ కొన్ని మోళ్లు చస్తాయి. పిలకలు వేయగల జాతులే మిగిలి, విత్తనం మీదే ఆధారపడినవి రాలిపోతాయి. మట్టిలోని నిల్వ కూడా మారుతుంది. కాలం సరిపోక తొలి చెట్లు కూడా కాయకముందే నరుకుడుపడితే నిల్వలో చెట్ల విత్తనాల స్థానంలో కలుపు విత్తనాలు నిండుతాయి. చుట్టూ పాత అడవి తరిగితే బయటి నుంచి వచ్చేవీ ఆగుతాయి. మూడూ ఒకేసారి జరగవు, అందుకే నష్టం చాలాకాలం కనిపించదు. ఐదారు ఆవృత్తుల వరకు పచ్చగా లేచిన నేల ఆ తర్వాత గడ్డితో, పొదలతో నిలిచిపోవడం ఆకస్మికంగా జరిగినట్టుంటుంది గాని అది మొదటి నుంచి కూడుతూ వచ్చిన లెక్కే.

తూర్పు మడగాస్కర్‌లో తావీ అని పిలిచే పోడులో ఈ మెట్లు స్పష్టంగా నమోదయ్యాయి. పాత అడవి నరికిన తొలి బీడుల్లో ట్రెమా, హరుంగానా వంటి చెట్లు లేస్తాయి. తర్వాతి ఆవృత్తుల్లో వాటి స్థానంలో పొదలు, అందులోనూ బయటి దేశాల నుంచి వచ్చిన లాంటానా, ముళ్ల రూబస్ వస్తాయి. ఇంకా తర్వాత ఫెర్న్‌లు. వాటితో పాటు దర్భ జాతికి చెందిన ఇంపెరాటా గడ్డి. ఆ గడ్డి కాండాలు మట్టి కింద అడ్డంగా పాకుతాయి కాబట్టి నిప్పు వాటిని ఏమీ చెయ్యదు. పైనున్న ఆకులు ఎండితే ఇట్టే అంటుకుంటాయి. నిప్పు గడ్డిని పెంచుతుంది, గడ్డి నిప్పును పిలుస్తుంది. మధ్యలో మొలిచిన చెట్టు పిల్ల బతకదు.

నిప్పు ఒక్కటే ఎంత తేడా తెస్తుందో బ్రెజిల్‌లోని మనౌస్ ఉత్తరాన పశువుల కోసం నరికిన భూముల్లో బాగా తెలిసింది. నరికి త్వరగా వదిలేసిన చోట సెక్రోపియా లేచి, దాని కింద రకరకాల జాతులు చేరాయి. మేత కోసం మళ్లీ మళ్లీ కాల్చిన చోట విస్మియా అనే చెట్టు పరుచుకుంది. దాని వేర్ల నుంచే పిలకలు లేస్తాయి, కాల్చినకొద్దీ దానికి మేలే. రెండు దశాబ్దాలు గడిచినా విస్మియా కింద మొలుస్తున్నది చాలావరకు విస్మియానే. ఒకే వాతావరణం, ఒకే మట్టి, పక్కపక్క పొలాలు. తేడా నిప్పు ఎన్నిసార్లు తాకిందన్నదే.

ఈశాన్య భారతంలో ఝూమ్ అని పిలిచే పోడు మీద పర్యావరణ శాస్త్రవేత్త పి.ఎస్. రామకృష్ణన్, ఆయన సహచరులు 1970ల నుంచి చేసిన పరిశోధనలో మేఘాలయ బీడుల కాలం 20, 30 ఏళ్ల నుంచి నాలుగైదేళ్లకు దిగజారిన తీరు వివరంగా ఉంది. మొదటి ఐదారేళ్లు అక్కడి బీడులో కలుపుదే రాజ్యం. ఆ తర్వాతే వెదురు అందుకుంటుంది. డెండ్రోకలామస్ హామిల్టోనీ అనే ఆ వెదురు పొటాషియాన్ని తనలో నిల్వ చేసుకుని వానకు కొట్టుకుపోకుండా కాపాడుతుంది. ఐదేళ్లకే మళ్లీ నరికితే బీడు వెదురు దశకే చేరదు. ప్రతి ఆవృత్తీ కలుపు దశలో మొదలై కలుపు దశలోనే ముగుస్తుంది. అమెరికా నుంచి వచ్చిన క్రోమోలేనా, మికానియా వంటి కలుపుకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు.

పాత అడవి అంటే ఎంత పాతది

ఇంతవరకు కొలమానంగా వాడిన పాత అడవి కూడా ఎల్లకాలం ఎవరూ తాకనిదేమీ కాదు. దక్షిణ నైజీరియాలో ఓకొము అడవి కింద మట్టిని తవ్వితే బొగ్గు, కుండపెంకులు బయటపడ్డాయి. సుమారు 700 ఏళ్ల కిందట అక్కడ మనుషులు సాగు చేశారని అవి చెబుతున్నాయి. అమెజాన్‌లోని నల్లమట్టి నేలలు కూడా పూర్వపు జనావాసాల గుర్తులే. అంటే కూర్పు శతాబ్దాల తర్వాతైనా తిరిగి రాగలదు. అప్పుడు చుట్టూ ఎంత అడవి మిగిలి ఉంది, విత్తనాలు మోసే జంతువులు ఎన్ని ఉన్నాయి అన్న షరతులు వేరు.

ఈ షరతుల వెలుగులో పోడును శాశ్వత సాగుతో పోల్చడం న్యాయం. వంద హెక్టార్లలో ఐదు హెక్టార్లు పంట, మిగతాది ఒకటి నుంచి ఇరవై ఏళ్ల వరకు రకరకాల బీడులు, అంచుల్లో నరకని అడవి ఉన్న ప్రాంతంలో అన్ని వయసుల అడవికీ చెందిన మొక్కలకు చోటుంటుంది. ఆ వంద హెక్టార్లనూ ఆయిల్ పామ్ లేదా రబ్బరు ఏకపంటగా మార్చితే బీడు అన్నదే ఉండదు, కోలుకోవడం అన్న ప్రశ్నే రాదు. ఆగ్నేయాసియాలో పోడు తగ్గిన చాలాచోట్ల దాని స్థానంలోకి వచ్చింది అడవి కాదు, ఇలాంటి తోటలే. పోడును అడవి నాశనం పద్దులో వేసి తోటలను అభివృద్ధి పద్దులో రాసే విధానాలు మొక్కల వైవిధ్యాన్ని కాపాడలేదు, కాపాడలేవు కూడా.

బీడు కాలం కుదించుకుపోవడానికి జనాభా పెరుగుదలనే కారణంగా చెప్పడం అలవాటైపోయింది. అది ఒక కారణమే. చాలాచోట్ల చట్టాలు కూడా అంతే పని చేశాయి. లావోస్‌లో 1990ల్లో భూమి, అడవి కేటాయింపుల కార్యక్రమం కింద కుటుంబానికి సాధారణంగా మూడు నాలుగు భూమి చెక్కలు ఇచ్చి వాటిలోనే తిరగమన్నారు. మూడు చెక్కల్లో తిరిగితే బీడుకు దక్కేది రెండేళ్లే. అడవిని కాపాడతామని గీసిన గీత, గీత లోపలి నేలలో అడవి లేవకుండా చేసింది. మరికొన్ని చోట్ల బీడు కొంత వయసు దాటితే దాన్ని అడవిగా నమోదు చేసి సాగు హక్కు తీసేస్తారు. అలాంటి నియమం కింద బతికే కుటుంబం బీడును పదేళ్లు నిండకముందే నరుకుతుంది. నరకకపోతే నేల పోతుంది.

పోడుతోనే కాదు, మేత భూములు వదిలేశాక లేచే అడవులతోనూ ఇదే ఇబ్బంది. దక్షిణ కోస్టారికాలో పాత విమాన చిత్రాలను పోల్చి చూస్తే, అలా తిరిగి లేచిన అడవుల్లో సగం 20 ఏళ్లలోపే మళ్లీ నరుకుడుపడ్డాయి. 54 ఏళ్లు గడిచేసరికి 85 శాతం పోయాయి. 20 ఏళ్లంటే సంఖ్య 80 శాతానికి, కూర్పు 34 శాతానికి చేరే వయసు. తొలి చెట్లు ముసలివై, వాటి నీడలో పాత అడవి జాతుల పిల్లమొక్కలు మోకాలి ఎత్తుకు వచ్చే సమయం కూడా అదే. లావు కాండాలనే కొలిచే లెక్కల్లో ఆ పిల్లమొక్కలు కనిపించవు, కాబట్టి నరికినప్పుడు ఏం పోయిందో కూడా నమోదు కాదు. బీడులను వయసుతో పాటు ఎన్నోసారి నరికినవో, చుట్టూ ఎంత పాత అడవి ఉందో, ఛాతీ ఎత్తుకు రాని మొక్కల్లో ఏ జాతులున్నాయో చూసి వర్గీకరించడం కష్టమైన పనేమీ కాదు. ఆ నేలల్లో తిరిగే రైతులకు ఈ మూడూ ఇప్పటికే తెలుసు. అలా వర్గీకరించి, ముదిరిన బీడు మీద సాగుదారు హక్కు పోదని రాతపూర్వకంగా ఇస్తే, దాన్ని ఇంకో ఇరవై ఏళ్లు వదిలేయడానికి ఆ కుటుంబానికి భయం ఉండదు.